చెవికి అందాల్సిన జవాబు: చాలా ఏళ్లకు వీణ పట్టిన ఒక విద్యార్థిని కేస్ స్టడీ

సంగీత సాధనలో ‘ఫ్లో’ (చేస్తున్న పనిలో పూర్తిగా లీనమైపోయే స్థితి) గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా మనం ఒక్క సూత్రం దగ్గరే ఆగిపోతాం: పని కష్టం, చేసేవారి నైపుణ్యం సమంగా తూగాలి, పని మరీ తేలికైతే విసుగు, మరీ కష్టమైతే ఆందోళన. ఈ కేసులో ఆ సూత్రాన్ని పట్టుకుని చేసిన మార్పులు ఫలించలేదు. ఫలించినది అదే సిద్ధాంతంలో తేలిగ్గా దాటేసే మరో షరతు. చేసిన పని సరిగా ఉందో లేదో వెంటనే తెలియాలి అన్నది ఆ షరతు. అది ఎటునుంచి తెలుస్తోంది, కంటి నుంచా చెవి నుంచా అన్నది వీణ నేర్పేవారు తప్పక చూసుకోవాలని ఈ విద్యార్థిని వల్ల నాకు గట్టిగా అనిపించింది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

నేపథ్యం

ఆమె వయసు నలభైకి దగ్గర. లెక్కలు సరిచూసే ఉద్యోగం, స్కూలుకు వెళ్లే పిల్లలు. చిన్నప్పుడు ఊళ్లో ఒక గురువుగారి దగ్గర సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, స్వరజతుల మీదుగా వర్ణాల (సాధనకు పునాదిగా నేర్పే పెద్ద రచనల) దాకా వచ్చారు. పదో తరగతి అయ్యాక ఇంటర్ కోచింగ్ మొదలైంది. మన ఇళ్లలో ఎందరికో అయినట్టే వీణ గుడ్డ కప్పుకుని గోడ మూలకు చేరింది. మళ్లీ బయటికి తీసేసరికి మెట్ల కింది మైనం ఎండి పగిలిపోయింది. కొత్తగా మైనం వేసి మెట్లు నిలిపే మేళం కట్టించుకుని, తీగలు మార్పించుకుని నా దగ్గరికి వచ్చారు.

చేతి జ్ఞాపకం ఆశ్చర్యం కలిగించేలా మిగిలి ఉంది. ఎడమ చేతి చూపుడు వేలు, మధ్య వేలు కొద్ది వారాల్లోనే మళ్లీ గట్టిపడ్డాయి. మాయామాళవగౌళ రాగంలో అలంకారాలు మూడు కాలాల్లోనూ (వేగాల్లోనూ) తడబడకుండా వచ్చేవి. సమస్య చేతిలో లేదని మొదటి నెలలోనే తేలిపోయింది కనుక, సాధారణంగా పెద్దవారికి నేను చేయించే సుదీర్ఘమైన వేళ్ల అభ్యాసాన్ని ఆమెకు తగ్గించాను.

ఆమె చెప్పిన సమస్య

“చిన్నప్పుడు కూర్చుంటే అమ్మ అన్నానికి పిలిచేదాకా తెలిసేది కాదండీ. ఇప్పుడు పది నిమిషాలకోసారి గడియారం వైపు చూస్తున్నాను. వాయిస్తున్నంతసేపూ పక్కన ఎవరో కూర్చుని మార్కులు వేస్తున్నట్టుంటుంది గురువుగారూ,” అన్నారు. ఫ్లో గురించి అప్పటికే కొంత చదువుకుని వచ్చారు. అది తనకు ఎందుకు రావడం లేదన్నదే ఆమె అసలు ప్రశ్న.

చిన్ననాటి తన్మయత్వాన్ని కొలబద్దగా పెట్టుకోవడం గురించి అప్పుడే ఒక మాట చెప్పాను. పదేళ్ల పిల్లకు వేరే బాధ్యతలుండవు, తన వాయింపులో తప్పులు వినిపించేంత చెవి కూడా అప్పటికి ఉండదు. ఆ లీనతలో కొంత భాగం అమాయకత్వమే. దాన్ని తిరిగి తెచ్చుకోవడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. అయితే గడియారం వైపు చూడటం, పక్కన ఎవరో ఉన్నట్టు అనిపించడం మాత్రం తోసిపుచ్చదగ్గవి కావు. 1970లలో మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ అనే మనస్తత్వవేత్త పర్వతారోహకులు, చదరంగం ఆటగాళ్లు, నృత్యకారులు, స్వరకర్తలు, శస్త్రచికిత్సకుల అనుభవాలను సేకరించి ఫ్లో లక్షణాలను క్రోడీకరించారు. తన గురించిన స్పృహ మరుగున పడటం, కాలం తెలియకపోవడం వాటిలో ప్రధానమైనవి. ఈమెకు సరిగ్గా ఆ రెండూ తలకిందులై ఉన్నాయి. స్పృహ పెరిగింది, కాలం సాగదీసినట్టు గడుస్తోంది.

మొదటి ప్రయత్నం: కష్టాన్ని పెంచడం, తగ్గించడం

మొదట అనుమానించింది విసుగును. ఆమె రోజూ వాయిస్తున్నవి చిన్నప్పుడు నేర్చుకున్న వర్ణాలే. తెలిసిన పాఠంలో మనసు పక్కకు పోవడం సహజమని, సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి వాయించే రూపాలు) ఎక్కువగా ఉన్న ఒక కృతిని మొదలుపెట్టాను. కొత్తదనం వల్ల రెండు మూడు పాఠాలు ఉత్సాహంగా సాగాయి. తర్వాత పరిస్థితి మరింత బిగిసింది. అనుపల్లవిలో మూడో సంగతి దగ్గరికి వచ్చేసరికి భుజాలు పైకి లేచేవి, మీటు గట్టిపడేది.

అప్పుడు రెండో వైపుకు వెళ్లి, మోహనంలో తేలికైన ఒక కీర్తన ఇచ్చాను. ఆ రాగంలో స్వరాలు ఐదే, పట్టుబడటం సులువు. వాయింపు శుభ్రంగా వచ్చింది, కానీ గడియారం వైపు చూపు ఆగలేదు. కష్టాన్ని రెండు దిక్కులా మార్చి చూసినా ఫిర్యాదు ఒకేలా ఉందంటే కారణం కష్టంలో లేదన్నమాట. ఈ రెండు ప్రయత్నాలూ ఫలించకపోయినా ఆ మేరకు దారి చూపాయి.

తర్వాత అందరూ చెప్పే సలహాలనే పాటించాం: తెల్లవారుజామున సాధన, పిల్లలు లేవకముందే తలుపు వేసుకోవడం, ఫోన్ వేరే గదిలో పెట్టడం. చివరి సూచన దగ్గర ఆమె ఆగిపోయి, “ఫోన్ లేకుండా ఎలా వాయించనండీ?” అన్నారు. ఆ ప్రశ్నతోనే కేసు మలుపు తిరిగింది.

గమనించినది

ఆ వారం పాఠానికి ఇంట్లో సాధన చేసే సరంజామా అంతా తీసుకుని రమ్మన్నాను. ఎదురుగా స్టాండ్ మీద టాబ్లెట్, అందులో స్వర సాహిత్యం. పక్కన ఫోన్లో శ్రుతి చూపించే ట్యూనర్ యాప్, మరో కిటికీలో లయ కొట్టే మెట్రోనోమ్. చెవిలో ఒకవైపు ఇయర్‌ఫోన్. ఇవి పెట్టుకోవడంలో ఆమె తప్పేమీ లేదు. ఒంటరిగా సాధన చేసే పెద్దవారికి ఇప్పుడు దొరుకుతున్న సలహాలన్నీ ఇవే.

భైరవి రాగంలో అట తాళ వర్ణం వాయించమని పక్కన కూర్చుని ఆమె కళ్లనే చూశాను. స్వరం మీటిన వెంటనే చూపు ఫోన్ వైపు వెళ్లేది, ముల్లు పచ్చగా మారితే టాబ్లెట్ మీదికి వచ్చేది, ఎర్రగా ఉంటే ఎడమ వేలు కొద్దిగా సర్దుకునేది. గాంధారం (గ) దగ్గర విషయం స్పష్టంగా బయటపడింది. భైరవి గాంధారం కదలని స్వరం కాదు, అది ఊగుతూనే ఉండాలి. వీణ మీద ఆ ఊపును తీగను మెట్టు మీద పక్కకు లాగి వదులుతూ తెస్తాం. నిలిచిన స్వరాన్ని కొలవడానికి చేసిన ట్యూనర్‌లో అలాంటి గమకం వచ్చినప్పుడు ముల్లు అటూ ఇటూ కొట్టుకుంటుంది, ఎక్కడా నిలవదు, రంగు ఎర్రగానే ఉంటుంది. ఆమె ఆ ఎరుపును తప్పుగా చదువుకుని, ముల్లు నిలవాలని లాగుడును క్రమంగా తగ్గించుకుంటూ వచ్చారు. ఫలితంగా గాంధారం బల్లపరుపుగా తయారైంది. భైరవి భైరవిలా వినిపించడం మానేసింది. అది చెవికి తెలుస్తోంది కూడా, ఎందుకంటే “ఏదో లేదు” అని ఆమే అన్నారు. యంత్రం సరే అంటోంది, చెవి కాదంటోంది. ఆ రెంటి మధ్య ఆమె ప్రతి ఆవర్తనంలోనూ (తాళం ఒక పూర్తి చుట్టులోనూ) తీర్పు చెప్పుకుంటూ కూర్చుంది. పక్కన కూర్చుని మార్కులు వేస్తున్న మనిషి ఎవరో అప్పుడు అర్థమైంది.

తాళం సంగతీ అంతే. వీణలో వాయించే నాలుగు తీగలకు తోడు పక్కన మూడు తాళపు తీగలుంటాయి. కుడి చేతి చిటికెన వేలితో వాటిని మీటుతూ వాయించేవారు తమ తాళాన్ని తామే నిలుపుకుంటారు. ఆమె మెట్రోనోమ్ పెట్టుకున్నాక ఆ వేలు పని మానేసింది. అట తాళంలో ఆవర్తనానికి 14 అక్షరాలు: ఐదేసి అక్షరాల లఘువులు రెండు, రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు. కనుక 1, 6, 11, 13 అక్షరాల దగ్గర ఘాతాలు (చేతి దెబ్బలు) పడతాయి. ఈ ఎగుడుదిగుడు నడకే ఆ తాళానికి ప్రాణం. సమానంగా టిక్కుటిక్కుమనే మెట్రోనోమ్‌కు లఘువేదో ద్రుతమేదో తెలియదు. ఆవర్తనంలో తాను ఎక్కడుందో తెలుసుకోవడానికి ఆమె టాబ్లెట్ మీద గీతలను లెక్కపెట్టుకోవాల్సి వస్తోంది.

ఇక్కడ నా నిర్ణయానికి ఆధారమైన తర్కం చెబుతాను. ఫ్లోకు మూడు షరతులు చెబుతారు: స్పష్టమైన లక్ష్యం, వెంటనే అందే జవాబు, కష్టానికి తగిన నైపుణ్యం. ఈమెకు జవాబు వెంటనే అందుతోంది, నిజానికి అవసరానికి మించి అందుతోంది. కానీ అది ధ్వనిలోంచి రావడం లేదు. చేయి ఒక చోట, చూపు మరో చోట ఉన్నంతకాలం చేస్తున్న పని, ఆ పని మీది ధ్యాస ఒకటి కాలేవు. అవి ఒకటి కావడాన్నే కదా మనం ఫ్లో అంటున్నాం. కాబట్టి కష్టాన్ని కదపకుండా, జవాబు వచ్చే దారిని మార్చాలనుకున్నాను.

రెండో ప్రయత్నం: తెరలను తీసేయడం

ట్యూనర్‌ను సాధనకు ముందు తీగలు శ్రుతి చేసుకోవడానికి మాత్రమే పరిమితం చేశాం. తర్వాత గదిలో తంబుర శ్రుతి ఒక్కటే మోగుతుంది. మెట్రోనోమ్ పోయి చిటికెన వేలు తిరిగి పనిలోకి వచ్చింది. టాబ్లెట్ మూసేశాం.

మొదటి కొన్ని వారాలు పరిస్థితి స్పష్టంగా దిగజారింది. వర్ణం మధ్యలో దారి తప్పేవారు, తాళపు తీగ మీద వేలు పడాల్సిన చోట పడేది కాదు, ఒకసారి వర్ణం మొదటి సగం చివర వచ్చే ముక్తాయి స్వరం దగ్గర ఆగిపోయి మళ్లీ మొదటికి వెళ్లలేకపోయారు. ఇంటికి వెళ్లి ట్యూనర్ పెట్టుకుని వాయించి, అది పచ్చగా చూపిస్తోందని నాకు సందేశం పంపారు. ఆ సమయంలో పాత పద్ధతికి తిరిగి వెళ్లడం ఎంతో సులువు. అయినా వెళ్లకపోవడానికి ఒక చిన్న గమనిక ఆధారం: తప్పులు పెరిగాయి గానీ, గడియారం వైపు చూడటం తగ్గింది. వాయింపు నాణ్యత, ధ్యాస ఒకే దిశలో కదలాలన్న నియమం లేదు కనుక రెంటినీ విడివిడిగా గమనిస్తూ వచ్చాను.

తెరలు తీసేస్తే చాలదని కూడా ఆ వారాల్లోనే తెలిసింది. వర్ణం మొత్తం ఆమె చెవికి ఒకేసారి మోయలేనంత బరువు. చెవి జవాబు చెప్పగలగాలంటే ప్రశ్న చిన్నదై ఉండాలి.

పనిచేసినది

అందుకని లక్ష్యాన్ని ఒక్క ఆవర్తనానికి కుదించాం. అందులోనూ ఒకే ఒక్క ప్రశ్న. భైరవిలో ఆరోహణలో వచ్చే ధైవతం (ద) చతుశ్రుతి, అంటే పై మెట్టు; అవరోహణలో వచ్చేది శుద్ధం, అంటే కింది మెట్టు. పక్కపక్క మెట్లే, కానీ వాటిని కలిపేస్తే రాగం చెడుతుంది. ‘ప ద ని స’ అని ఎక్కేటప్పుడు ఒక ధైవతం, ‘స ని ద ప’ అని దిగేటప్పుడు మరొకటి. ఆ రోజుకు వినాల్సింది అంతే: దిగేటప్పుడు ధైవతం పంచమం (ప) వైపు ఒరుగుతోందా లేదా? తంబుర పంచమం చెవిలో మోగుతూనే ఉంటుంది కాబట్టి, మీటిన మరుక్షణమే జవాబు దానంతట అదే వినిపిస్తుంది. చూడటానికి ఏమీ లేదు, ఎవరినీ అడగాల్సిన పనీ లేదు. మరో రోజు ప్రశ్న గాంధారం ఊపు, ఇంకో రోజు 11వ అక్షరం మీద చిటికెన వేలు.

దీనితో పాటు చేసిన రెండో మార్పే ఈ కేసులో కీలకమని ఇప్పటికీ అనుకుంటున్నాను. సాధనను రెండుగా విడగొట్టాం. మొదటి భాగంలో దిద్దుకోవడమే పని. తప్పు వస్తే ఆగాలి, వెనక్కి వెళ్లాలి, నెమ్మదిగా మళ్లీ వాయించాలి. అక్కడ తన్మయత్వాన్ని ఆశించకూడదు. 1993లో ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థులపై ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనం కూడా, నైపుణ్యాన్ని పెంచే ఏకాగ్ర సాధన శ్రమతో కూడినదనీ, దానంతట అది ఆనందాన్నిచ్చేది కాదనీ అంటుంది. రోజూ సాధనలో ఫ్లో రావాలని పట్టుబట్టేవారు తెలియకుండానే దిద్దుకోవడం మానేసి, వచ్చినదాన్నే వాయించుకుంటూ పోయే ప్రమాదముంది. రెండో భాగంలో ఆగడం నిషిద్ధం. స్వరం తప్పినా, సంగతి తప్పినా తాళం తెగకుండా ఆవర్తనం చివరిదాకా వెళ్లాలి. ఈ రెంటినీ కలిపేయడం వల్లే ఆమె వాయించేటప్పుడు దిద్దుకుంటూ, దిద్దుకునేటప్పుడు వాయించేద్దామని తొందరపడుతూ వచ్చారు.

ఫ్లో వచ్చిందా అని నేను ఆమెను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే మర్నాటి నుంచి దానికోసం ఎదురుచూడటం మొదలవుతుంది, అదీ మరో ట్యూనరే అవుతుంది. బదులుగా చిటికెన వేలిని చూశాను. మనిషి తనను తాను గమనించుకుంటున్నప్పుడు, ఎడమ చేయి తప్పు చేసిన క్షణంలో కుడి చిటికెన వేలు కూడా ఉలిక్కిపడి ఆగుతుంది. లీనమై ఉన్నప్పుడు ఎడమ చేయి తప్పినా ఆ వేలు తన దారిన తాను తాళపు తీగ మీద పడుతూనే ఉంటుంది. కొన్ని నెలలకు వర్ణం చరణ స్వరాల్లో ఒకచోట ఆమె స్పష్టంగా ఒక స్వరం జారవిడిచారు. చిటికెన వేలు ఆగలేదు, ముఖం మారలేదు, మరుసటి ఆవర్తనంలో అదే చోటు సరిగ్గా వచ్చింది. వాయించడం అయ్యాక అడిగితే ఆ తప్పు తనకు వినిపించిందనే చెప్పారు. వినిపించి కూడా అది ఆమెను వాయింపులోంచి బయటికి లాగలేదు. చిన్నప్పటి తన్మయత్వానికీ దీనికీ ఉన్న తేడా ఇదే.

ఆ తర్వాత ఆది తాళంలో ఒక కృతికి కల్పన స్వరాలు (అప్పటికప్పుడు అల్లి వాయించే స్వరాలు) మొదలుపెట్టాం. నిబంధనలు చాలా కఠినంగా పెట్టాను: ఒక్క ఆవర్తనం, మధ్య స్థాయిలో ఐదు స్వరాలు మాత్రమే, ఎత్తుగడకు (కృతి పంక్తిని అందుకునే చోటుకు) ముందు తప్పనిసరిగా షడ్జమం మీద వాలాలి. స్వేచ్ఛ ఇస్తేనే లీనత వస్తుందని చాలామంది భావిస్తారు. నా అనుభవంలో ఈ స్థాయి విద్యార్థికి పూర్తి స్వేచ్ఛ ఇస్తే ‘తర్వాత ఏం వాయించాలి’ అన్న ఆలోచనే మిగులుతుంది. హద్దు ఇరుకైనప్పుడు ఆ ఆలోచనకు చోటుండదు, ఎత్తుగడ చేరిందా లేదా అన్న జవాబు ఆవర్తనానికోసారి తప్పించుకోలేనట్టు వచ్చి పడుతుంది. ఆ పాఠాల్లో ఒకరోజు కేటాయించిన సమయం దాటిపోయిందని ఇద్దరం గమనించలేదు. బయట ఎదురుచూస్తున్న తర్వాతి విద్యార్థి తల్లి తలుపు తట్టారు.

ఫలించనివి, మిగిలినవి

లీనమైన వాయింపులో తప్పు కూడా హాయిగా స్థిరపడుతుందని ఈ కేసు మరోసారి చూపించింది. రెండో భాగం బాగా సాగుతున్న రోజుల్లో ఆమె మొదటి భాగాన్ని కుదించడం మొదలుపెట్టారు. కొద్ది వారాల్లో దిగేటప్పుడు వచ్చే ధైవతం మళ్లీ పై మెట్టుకు ఎగబాకింది, పైగా ఈసారి ఆనందంగా ఎగబాకింది. మొదటి భాగాన్ని పాత నిడివికి తేవడం తప్ప వేరే మార్గం కనిపించలేదు. అప్పటి నుంచి వారానికి ఒకసారి మాత్రం రెండో భాగాన్ని రికార్డు చేసి, మర్నాడు మొదటి భాగానికి ముందు వినమన్నాను. ఇంతకుముందు రోజూ రికార్డు చేసేవారు. అప్పుడు వాయిస్తూనే ‘రికార్డు అవుతోంది’ అనే స్పృహతో ఉండేవారు. వాయించడానికీ వినడానికీ మధ్య ఒక రాత్రి ఎడం పెట్టడం వల్ల ఆ స్పృహ పలచబడింది.

దసరా నవరాత్రుల్లో గుడిలో వాయించే అవకాశం వచ్చినప్పుడు మాత్రం లీనత దరిదాపుల్లోకి రాలేదు. వీణకు అంటించిన కాంటాక్ట్ మైకు ధ్వనిని ముందున్న స్పీకర్లోంచి మరో రంగులో, కాస్త ఆలస్యంగా తెచ్చి చెవిలో వేసింది. తీగ దగ్గర వినిపించాల్సిన జవాబు ఎదురుగా గుంపులోంచి వస్తే ఆమె చెవి దాన్ని తనదిగా ఒప్పుకోలేదు. అయినా తాళం తెగలేదు, వర్ణం రెండు కాలాల్లోనూ పూర్తయింది. ఆగకుండా వాయించే రెండో భాగం ఆ రోజు ఆదుకుంది. కచేరీలో లీనత కోసం వేరే సాధన కావాలి, స్పీకర్ ధ్వనికి చెవిని అలవాటు చేయడం అందులో మొదటిది. దాన్ని ఇంకా మొదలుపెట్టలేదు.

ఇతర విద్యార్థులకు వర్తింపు

ఈ పద్ధతిని అందరికీ ఒకేలా వర్తింపజేయడం లేదు. ఈమెకు చిన్నప్పటి శిక్షణ వల్ల శ్రుతిజ్ఞానం అప్పటికే ఉంది, దాని మీద తెర పడింది, తెరను తొలగించి చెవికి చిన్న ప్రశ్న ఇస్తే చాలింది. సరళీ స్వరాల దగ్గరే ఉన్న కొత్తవారికి తెర తీస్తే కింద చెవి ఇంకా తయారై ఉండదు. అలాంటివారికి మొదట్లో నేను స్వరాన్ని పాడి, వారిని పాడించి, ఆ తర్వాతే మెట్టు మీద వెతకమంటాను. ట్యూనర్‌ను కూడా కొన్నాళ్లు ఉండనిస్తాను, అయితే నిలిచే స్వరాలకు మాత్రమే. సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలు దగ్గరపడిన విద్యార్థుల విషయంలో రెండో భాగాన్ని కుదించి, దిద్దుకోవడానికే ఎక్కువ సమయం ఇస్తున్నాను. పరీక్ష గదిలో వారిని ఆపి మళ్లీ అడుగుతారు కాబట్టి, ఎక్కడ ఆపినా అక్కడి నుంచే అందుకోవడం వారికి మరింత అవసరం.

ఇప్పుడు పెద్దవారెవరైనా మనసు నిలవడం లేదని వస్తే, రాగం, తాళం, కృతి ఏవీ మార్చకముందు ఒక పాఠం అంతా వారి చూపు ఎటు వెళుతోందో గమనిస్తున్నాను. ఈమధ్య ఒక వయొలిన్ విద్యార్థి విషయంలో చూపు ఏ తెర మీదికీ వెళ్లలేదు, ఎడమ చేతి వేళ్ల మీదే ఉండిపోయింది. వయొలిన్‌కు మెట్లుండవు, స్థానాన్ని చెప్పాల్సింది చెవే. అతనికి ప్రస్తుతం కళ్లు మూయించి ఒక్క పంచమాన్నే వెతికిస్తున్నాం. ఫలితం గురించి చెప్పడానికి ఇంకా సమయం పడుతుంది.